ఫ్యూమీ ఆంటీ తిరిగిచ్చిన గిన్నె

మెల్విన్ నాహులు గురించి, సముద్రం మధ్య దీవిలో ఉన్న హిలో ఊళ్ళో ఎవరినడిగినా ముందు అతని మోకాళ్ళ సంగతే చెప్తారు. రాష్ట్ర మత్తుమందుల శాఖలో ఇరవై ఏడేళ్ళ కొలువు, అందులో పదకొండేళ్ళు నలుగురు దర్యాప్తు అధికారుల మీద పైఅధికారి. ఆ మోకాళ్ళు రెండూ ప్రభుత్వానికే ధారపోశాడు. వయసులో ఉన్నప్పుడు హెలికాప్టర్లోంచి తాడు పట్టుకుని అడవిలోకి దిగి గంజాయి మొక్కలు పీకేవాడు. ఇప్పుడు పని అడవుల్లో లేదు, వంటింటి అలమరాల్లో ఉంది. డాక్టరు ఒకరికి రాసిచ్చిన నొప్పి బిళ్ళలు పదిమంది చేతులు మారి మనుషుల్ని మింగే రోజులొచ్చాయి కదా.

అతన్ని చూసి భయపడినవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం ఒకడికి బేడీలు వేస్తే, మర్నాడు పొద్దున్నే వాడి తల్లి గుమ్మంలో నాలుగు బొప్పాయిలు పెట్టి వచ్చే పోలీసుని ఎక్కడైనా చూశారా? ఏం చేస్తాడు మరి, హిలోలో పట్టుబడినవాడు రేపు సంతలో ఎదురుపడతాడు, ఎల్లుండి ఎవరి పెళ్ళిలోనో పక్క కుర్చీలో కూర్చుంటాడు. తన కింద పనిచేసేవాళ్ళకి మెల్విన్ రెండే రెండు నేర్పాడు. ప్రాణం మీదికొస్తే తప్ప గుమ్మం దగ్గర బూట్లు విప్పాలి. బూట్లతో తొక్కిన ఇంట్లో ఎవడూ నిజం చెప్పడు. రెండోది, కేసులో తెలిసినవాళ్ళ పేరు కనపడితే దాచకూడదు. "మీవాళ్ళయితే నాకు చెప్పండి, నావాళ్ళయితే నేను మీకు చెప్తాను," అనేవాడు.

ఇంకొక్క ఏడాదిలో రిటైర్మెంటు. పడవ కొనుక్కుంటానని భార్య లోర్నాని రోజూ విసిగిస్తున్నాడు. సరిగ్గా అప్పుడే అనాక్లెటో కేసు వచ్చి పడింది.

అనాక్లెటో ఎనభై ఒక్క ఏళ్ళ ముసలాయన. చెరకు తోటలు మూతపడేదాకా వంగి చెరకు నరికిన నడుం ఆయనది. ఒకరోజు పొద్దున్న ఎంత లేపినా లేవలేదు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే, ఏ డాక్టరూ ఆయనకి రాయని ఘాటైన నొప్పి మందు బయటపడింది. నిద్రమాత్ర మీద ఇదీ వేసుకున్నాడట. మూడు రోజులకి కళ్ళు తెరిచాడు. మెల్విన్ కింద పనిచేసే ఇరవై తొమ్మిదేళ్ళ జారెట్ మెడీరోస్ వెళ్ళి అడిగితే, ఆ పెద్దమనిషికి అబద్ధమాడాలన్న ఊహే రాలేదు. ఫ్యూమీ ఇచ్చిందని, గిన్నెలో పెట్టి పంపిందని చెప్పేశాడు.

ఫ్యూమీ ఆంటీది మెల్విన్ ఉండే వీధే, అయిదిళ్ళ అవతల. డెబ్బై తొమ్మిదేళ్ళు. చక్కెర మిల్లులో నలభై ఏళ్ళు చేసిన ఆమె భర్త తదావో మార్చిలో కాన్సరుతో పోయాడు. ఆయన మంచాన ఉన్న ఆరు నెలలూ ఆ ఇంటి పొయ్యిని వీధే వెలిగించింది. ఇవాళ ఒకరు కూర పంపితే రేపు ఇంకొకరు చారు పంపారు. అలాంటి మనిషి పేరు కాగితం మీద చూసి మెల్విన్ తల పట్టుకున్నాడు. పైవాళ్ళకి ఫోన్ చేసి ఇరుగుపొరుగని చెప్పాడు. ఆ ఊళ్ళో అందరూ నీకు ఇరుగుపొరుగే కదయ్యా, సోదా జారెట్ చేస్తాడు, నువ్వు పక్కనుండు అన్నారు. చట్టంలో అమ్మినా నేరమే, ఉత్తినే ఇచ్చినా నేరమే. జైలు దాకా వెళ్ళే నేరం.

వాన కురుస్తున్న పొద్దుట మెల్విన్, జారెట్, ఇంకో ఇద్దరు వెళ్ళారు. గుమ్మంలో బూట్లు విప్పారు. తుపాకులు నడుముకి, తడిసిన మేజోళ్ళు కాళ్ళకి. జారెట్ మేజోడుకి బొటనవేలు దగ్గర చిల్లు. ఆంటీ ఆ చిల్లు చూసి, విప్పి ఇస్తే కుట్టి ఇస్తానంది. సోదా కాగితం చదివి వినిపిస్తుంటే టీ పెట్టింది. మందులేవని అడగ్గానే లోపలికి వెళ్ళి తనే సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. అడుగున పది బిళ్ళలుంటాయేమో.

"మిగతావి ఏమయ్యాయి ఆంటీ?" అని మెల్విన్ అడిగాడు.

"గిన్నెల్లో పెట్టి పంపాను కదా. ఆ నెల గాలివానకి నా అవకాడో చెట్టు మీద ఒక్క కాయ మిగల్లేదు. మీరంతా అన్నం పెట్టిన గిన్నెలు ఖాళీగా ఎలా పంపను చెప్పు? ఈ వీధిలో నడుం నొప్పి లేనివాళ్ళెవరు? ఖరీదైన మందు, పారబొయ్యడానికి చేతులు రాలేదు."

అనాక్లెటో ఆసుపత్రి సంగతి ఆమెకి అప్పటిదాకా తెలీదు. మెల్విన్ చెప్పాడు. ఆమె చేతిలో ఉన్న టీ పాత్ర బల్ల మీద పెట్టబోతే గురి తప్పింది. టీ అంతా ఒలికింది. తుడవాలన్న ధ్యాస కూడా లేకుండా అలాగే నిలబడింది.

గోడ మీద కిరాణా కొట్టువాడిచ్చిన క్యాలెండరుంది. ఏప్రిల్ నెల గళ్ళలో చీమల్లాంటి అక్షరాలు. ఎవరి గిన్నె, దానిలో వాళ్ళేం తెచ్చారు, తను తిరిగి ఏం పెట్టి పంపింది. పద్నాలుగు గిన్నెలు. మెల్విన్ వేలు పెట్టి చదువుతూ చదువుతూ పదహారో తారీకు దగ్గర ఆగిపోయాడు. "నీలం గిన్నె. లోర్నా నాహులు. ఆరు బిళ్ళలు."

ఆ నీలం గిన్నె తన ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. రోజూ చూస్తూనే ఉన్నాడు. వేసవి మొదట్లో లోర్నాకి నడుం నొప్పి తగ్గి హాయిగా నిద్రపడుతోందని సంబరపడ్డాడు కూడా. దీపం కిందే చీకటంటారు. ఇరవై ఏడేళ్ళు ఊళ్ళోవాళ్ళ అలమరాలు వెతికినవాడు సొంత అలమరా తెరిచి చూసుకోలేదు.

ఆ గడి జారెట్ కూడా చదివాడు. మిగతా ఇద్దరినీ ఏదో పని చెప్పి కారు దగ్గరికి పంపాడు. ఆంటీ వంటింట్లో గుడ్డ వెతుక్కుంటోంది.

"బాస్, దీన్ని ఇంకా ఫోటో తియ్యలేదు," అన్నాడు గొంతు తగ్గించి. "పాత నెల కాగితమే కదా. ఎప్పుడో చింపి పారేసి ఉండొచ్చు."

ఆ కుర్రాణ్ణి తప్పుపట్టకండి. అది దుర్బుద్ధి కాదు, ప్రేమ. మెల్విన్‌కి ఆశ పుట్టలేదని కూడా నేననను. ఏడాది, ఒక్క ఏడాది. ఉద్యోగం పరువుగా ముగుస్తుంది, లోర్నా పేరు రోడ్డున పడదు, పడవ వస్తుంది. కానీ ఆ కాగితం పోతే ఆంటీ గతేమిటి? సీసాలో ఎన్నో బిళ్ళలు మాయం, ఒక ముసలాయన చావు దాకా వెళ్ళొచ్చాడు. ఆమె అమ్ముకోలేదనడానికి, ఋణం తీర్చుకుందనడానికి లోకంలో ఉన్న సాక్ష్యం ఆ ఏప్రిల్ నెల ఒక్కటే. తనని కాపాడుకుంటే ఆమె మునుగుతుంది. ఆమె తేలాలంటే తన పేరు బయటికి రావాలి.

"తియ్యరా," అన్నాడు మెల్విన్. "నా పేరు బాగా కనపడేలా తియ్యి."

అక్కణ్ణుంచి జారెట్‌ని వెంటపెట్టుకుని నేరుగా తన ఇంటికే వెళ్ళాడు. తన గుమ్మంలోనే బూట్లు విప్పి నిలబడి, లోపలికి రావచ్చా అని భార్యని అడగాల్సి వచ్చింది. లోర్నా గుండీల డబ్బాలోంచి రేకు కాగితం పొట్లం తీసింది. ఒక్క బిళ్ళ మిగిలింది. ఆంటీ ఇచ్చింది కదా, ఇంకేం అడుగుతామని ఏడ్చింది. అన్నేళ్ళుగా సాక్ష్యాల సంచి మీద స్వాధీనం చేసుకున్న అధికారి గీత దగ్గర సంతకం పెట్టిన మెల్విన్, ఆ రోజు అప్పగించినవాడి గీత దగ్గర పెట్టాడు.

ఊరు ఊరుకుంటుందా? కంచే చేను మేసిందన్నారు. సంతలో అతన్ని చూసి చెవులు కొరుక్కున్నారు. పైఅధికారి పదవి పోయింది. మిగిలిన నెలలు ఫార్మసీల లైసెన్సు కాగితాలు చూసుకుంటూ ఒక మూల కూర్చోమన్నారు. కూర్చున్నాడు. కేసు తేలేదాకా ఆంటీతో మాట్లాడకూడదన్నారు. అయిదు నెలలు ఆ ఇంటి ముందు నుంచి తల దించుకుని నడిచాడు. ఆమె గేటు దగ్గరికి రావడం మానేసింది.

అక్టోబరు చివర్లో ప్రాసిక్యూటర్ ఉత్తరం వచ్చింది. ఆయన ఆ పద్నాలుగు గళ్ళూ చదివాడట. ఎవరి మీదా కేసు లేదు, ఇకముందు మందులు పంచకూడదని ఒక హెచ్చరిక, అంతే. మెల్విన్ ఆ ఉత్తరం నాలుగుసార్లు చదివి, లోర్నా భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ఆ సాయంత్రమే లోర్నా గొడ్డుమాంసం కూర వండి, అదే నీలం గిన్నెలో పోసి ఆంటీ ఇంటికి ఇచ్చి వచ్చింది. వీధి మళ్ళీ వీధిలా ఉంటుందని ఇద్దరూ అనుకున్నారు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఆంటీ గొడుగేసుకుని వచ్చింది. చెప్పులు విప్పలేదు, మెట్టు కిందే నిలబడింది. రమ్మంటే తల అడ్డంగా ఊపింది. నీలం గిన్నె రెండు చేతులా పట్టుకుని చాపింది. మూత తీసి, లోపలంతా కనపడేలా అతని వైపు వంచింది.

"ఏమీ లేదు మెల్విన్. కడిగి తుడిచాను. చూసుకో."

అయిదిళ్ళ అవతల ఆమె అవకాడో చెట్టు కాయలతో విరగబోతున్నట్టుంది. వరండాలోంచే కనిపిస్తోంది. మెల్విన్ అటు చూపించాడు.

"కాయ పెట్టొచ్చు ఆంటీ. కాయకి ఎవరూ ఏమీ అనరు."

ఆంటీ మూత మళ్ళీ పెట్టి, గిన్నె అతని చేతుల్లో ఉంచింది.

"ఏది పెట్టొచ్చో ఏది పెట్టకూడదో నాకింక తెలీదు నాయనా," అంది.