సిలువ కింద టెంకాయ

సిలువ కింద ఉన్న టెంకాయను చెరిపించింది నేనే. ఈ వాక్యం డైరీలో రాసుకున్న రోజు దాని కింద రెండు గీతలు గీసుకున్నాను.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, తిరువళ్ళూరులో బొమ్మలు వేసే మనిషి. గుడి గోడల మీద దేవుళ్లు, అంగళ్ల ముందు బోర్డులు, లారీల వెనక నెమళ్లు, అన్నీ వేశాడు. ఫ్లెక్సులు వచ్చాక కుంచెలు డబ్బాలోనే ఎండిపోయాయి. అలాంటి రోజుల్లో ఊళ్లోని ఒక చర్చి నుంచి పిలుపొచ్చింది. పీఠం వెనక ఉన్న పాత సిలువ చిత్రం గుడ్డ చీకిపోయి, కొవ్వొత్తుల పొగకు నల్లబడింది. బాగు చేసే స్థితి దాటిపోయింది. దాన్ని చూసి అచ్చం అలాంటిదే కొత్తది వేయాలి. సంఘం పెద్దల్లో సగం మంది ఫ్లెక్స్ చాలన్నారు. ఫాదర్ మాత్రం చేత్తో వేసిందే కావాలన్నాడు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు: మధ్యమధ్యలో వచ్చి చూస్తారు, నచ్చకపోతే ఆపేసి ఫ్లెక్స్ పెట్టేస్తారు. మామకు ఇదే చివరి పెద్ద పని అని మాకందరికీ తెలుసు. ఆయనకూ తెలుసు.

మా ఇల్లు తిరుత్తణిలో. నాన్న మగ్గం నేస్తాడు. నేను తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో కంప్యూటర్ పని చేస్తాను. ఫోను మోగితే పక్క సీటు అక్కను తీయమని సైగ చేసే రకం నేను. ఇంట్లో అందరం తమిళంలోనే చదువుకున్నాం. తెలుగు అక్షరాలు అవ్వ నాకొక్కదానికే నేర్పింది. అందుకే డైరీ తెలుగులో రాస్తాను. బల్ల మీద తెరిచి పెట్టి వెళ్లినా భయం లేదు. మధ్యాహ్నం అన్నం తినడానికి మామ బొమ్మలు వేసే షెడ్డుకు వెళ్తాను. అక్కడికి వెళ్లే దారిలోనే లైబ్రరీ. చర్చి చిత్రాల గురించిన లావుపాటి పుస్తకమొకటి అక్కడ దొరికింది. ఇంటికివ్వరు కాబట్టి రోజుకు నాలుగు పేజీలు నిలబడి చదివేదాన్ని.

షెడ్డుకు తెచ్చి గోడకు ఆనించిన పాత చిత్రంలో సిలువకు ఒక పక్క నీలం ముసుగులో తల్లి, ఇంకో పక్క శిష్యుడు, పైన ఒకేసారి సూర్యుడూ చంద్రుడూ ఉన్నారు. సిలువ మొదట్లో గుండ్రంగా ఒక వస్తువు. దాని మీద మూడు నల్లటి గుంటలు, నెత్తిన ఎర్రటి మరక. ముందర పసుప్పచ్చగా, పొడుగ్గా, కాస్త వంపు తిరిగినవి రెండు. మామకు రవ్వంత అనుమానం కూడా రాలేదు. కుంకుమ పెట్టిన టెంకాయ, రెండు అరటిపండ్లు. అలాగే వేశాడు. అంత అందమైన టెంకాయను నేనెక్కడా చూడలేదు. పీచు ఒక్కొక్క పోగూ కనిపించేది. మొదటిసారి చూడవచ్చిన పెద్దలు కూడా మెచ్చుకున్నారట. పాత కాలం పెయింటరు మన పద్ధతి కలిపినట్టున్నాడని సంతోషపడ్డారట.

ఒకరోజు టిఫిన్ బాక్సు కడుగుతుంటే రేకుల సందులోంచి ఎండ ఏటవాలుగా వచ్చి పాత చిత్రం మీద పడింది. ఎర్రటి సన్న గీత ఒకటి తేలింది. అది మేకు దిగిన పాదాల దగ్గర మొదలై, కొయ్య మీదుగా జారి, ఆ గుండ్రటి వస్తువు నెత్తిన ఆగింది. కుంకుమ పైనుంచి కారదు. అదేమిటో నాకు తెలుసు. రెండు రోజుల ముందే చదివాను.

మూడు రోజులు డైరీకి తప్ప ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు మామ మజ్జిగ తాగుతుండగా, అది టెంకాయ కాదేమో మామా అన్నాను.

"నలభై ఏండ్లుగా టెంకాయలు రాస్తా ఉండాను మే. టెంకాయకి మూడు కండ్లుంటాయని నువ్వు నాకు చెప్పేదా?"

"మూడు కండ్లు కాదు మామా. రెండు కండ్లు, ఒక ముక్కు."

మామ గ్లాసు కింద పెట్టి పాత చిత్రం దగ్గరికి వెళ్లాడు. చాలాసేపు అక్కడే వంగి ఉన్నాడు.

"అట్లయితే అరటిపండ్లు?"

"ఎముకలు."

మామ స్టూలు మీద కూలబడ్డాడు. కోపం వస్తుందనుకున్నాను. నవ్వు మొదలైంది, కండ్లలో నీళ్లు తిరిగేదాకా ఆగలేదు. "చచ్చినోడి ఎముకల్ని అరటిపండ్లు చేసి ఆయప్పకే నైవేద్యం పెట్టినానే" అన్నాడు. తర్వాత, ఎవరిది ఆ పుర్రె అని అడిగాడు.

చెప్పాను. మొదటి మనిషి ఆదాముది. క్రీస్తును సిలువ వేసిన చోటికి కపాల స్థలమని పేరు. ఆదామును పాతిపెట్టింది కూడా అక్కడేనని పాత నమ్మకం. మొదటి మనిషితోనే లోకంలోకి చావు వచ్చింది. అందుకే ఆ రక్తం ముందుగా అతని తల మీదే పడాలి. ఆ చుక్క తాకితేనే చిత్రం పూర్తవుతుంది.

మామ చిన్న కత్తి తీసి, తను వేసిన టెంకాయను గోకడం మొదలుపెట్టాడు. గోకుతూనే, గుడిలో పుర్రె పెడితే వాళ్లు ఊరుకుంటారా అన్నాడు. మన తిరువాలంగాడు శివుడు శ్మశానంలోనే కదా ఆడింది అన్నాను. ఆయన సంగతి వేరే, చర్చి కమిటీ సంగతి వేరే అన్నాడు. వాళ్లు అడిగితే నువ్వే చెప్పాలన్నాడు. వాళ్లు వచ్చే వేళకు నేను ఆఫీసులో ఉంటానన్న ధైర్యంతో తలూపాను.

ఆ చోట పుర్రె వేసిన మర్నాడే, వాళ్లు సరిగ్గా అన్నం వేళకు వచ్చారు. ఫాదర్, నలుగురు పెద్దలు, స్త్రీల సంఘం నడిపే ఒక ముసలావిడ. నేను డబ్బా మూత పెట్టేసి తలుపు వెనక్కి జరిగాను. వాళ్లంతా తమిళంలో మాట్లాడుకున్నారు. పుర్రెను చూడగానే అందరూ ఒకేసారి అందుకున్నారు. పోయినసారి చూసినప్పుడు ఇది లేదే అన్నారు. పెండ్లికూతుర్లు నిలబడే చోటు, పసిబిడ్డలకు పేరు పెట్టే చోటు, అక్కడ పుర్రె ఏమిటని ముసలావిడ గట్టిగానే అడిగింది. ఒక పెద్దాయన ఫోను తీసి ఫ్లెక్స్ నమూనా చూపించాడు. ఇందులో ఇలాంటివేమీ లేవు, రెండు రోజుల్లో వచ్చేస్తుంది అన్నాడు.

మామ చేతులు గుడ్డకు తుడుచుకుంటూనే ఉన్నాడు. తుడవడానికి ఇక రంగు లేదు. టెంకాయనే ఉంచి ఉంటే ఈపాటికి ఈ పని ఆయనదే. దాన్ని తీయించింది నేను. ఆయన నా పేరు చెప్పలేదు, నా వైపు చూడనైనా లేదు. అదే నన్ను తలుపు వెనక నుంచి బయటికి లాగింది.

తిన్నగా పాత చిత్రం దగ్గరికి వెళ్లి, ఫోను లైటు వేసి, పాదాల దగ్గర వేలు పెట్టాను. ఎర్రగీత వెంట మెల్లగా కిందికి దించాను. అందరి కళ్లూ వేలితోపాటు దిగాయి. వేలు గుండ్రటి నెత్తి మీద ఆగినప్పుడు గొంతు దానంతటదే వచ్చింది. మీ తాతలు మొక్కిన చిత్రంలో ఇది మొదటి నుంచీ ఉంది, పొగకు కనబడలేదంతే అన్నాను. ఆదాము కథ చెప్పాను. ఆ రక్తం ఎవరి కోసమో చూపించడానికే పెయింటరు ఈ తలను ఇక్కడ పెట్టాడన్నాను. పెండ్లికూతురు ఇక్కడ నిలబడితే చావు ఆమె కాళ్ల కింద ఓడిపోయి ఉంటుందన్నాను. ఆ చివరి మాట పుస్తకంలో లేదు. ఎక్కడి నుంచి వచ్చిందో నాకూ తెలియదు.

ఫాదర్ అప్పుడు నోరు విప్పాడు. మరి సూర్యుడూ చంద్రుడూ ఒకేసారి ఎందుకున్నారని అడిగాడు. పరీక్ష పెడుతున్నాడని అర్థమైంది. ఆ రోజు పట్టపగలే చీకటి పడింది కదా, పగలూ రాత్రీ రెండూ సాక్ష్యానికి వచ్చి దుఃఖపడుతున్నాయి అన్నాను. ఆయన తల పంకించాడు.

ముసలావిడ పుర్రె ముందు అలాగే నిలబడి ఉంది. చివరికి పెద్దల వైపు తిరిగి అంది:

"ఆదామంటే మనందరికీ తాతే కదా. సొంత తాతని గుడి బయట నిలబెడతారా?"

ఫోను పట్టుకున్న పెద్దాయన దాన్ని జేబులో పెట్టుకున్నాడు. మిగతావాళ్లు ఎండుతున్న రంగుల గురించి, చట్రం గురించి మాట్లాడటం మొదలుపెట్టారు. మామ ఇంకా చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు, కానీ ఇప్పుడు నవ్వుతూ.

ఆ చివరి చుక్కను మామ అన్నిటికంటే ఆఖరున, ఊపిరి బిగబట్టి, సన్న కుంచెతో పెట్టాడు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికల్లా ఎనిమిది మంది తాళ్లతో చిత్రాన్ని పీఠం వెనకకు ఎత్తారు. ఆ ఆదివారం ఫాదర్ నన్ను పిలిచి, షెడ్డులో చెప్పిందే అందరికీ చెప్పమన్నాడు. మొదట కుదరదనే అన్నాను. మామ నా చెవి దగ్గర, "నేను కడగోట్లో, తలుపు కాడ నిలబడతా. వినబడితే చెయ్యి ఎత్తుతా. ఎత్తకపోతే ఇంకా గట్టిగా అరువు" అన్నాడు.

మైకు ఓ పక్కన ఉంది, దాన్ని వదిలి పుర్రె కింద నిలబడ్డాను. చర్చి నిండా జనం, చేతుల్లో తాటి మట్టలు. మొదటి మాటకు మామ చెయ్యి లేవలేదు. రెండో మాటకూ లేవలేదు. నా పైన ఎర్రటి చుక్క ఉందని గుర్తు తెచ్చుకుని, మొదటి మనిషి పేరు గట్టిగా పలికాను. చివరి వరుస వెనక, తలుపు దగ్గర, రంగు మరకలున్న చెయ్యి ఒకటి పైకి లేచింది. నేను చెప్పడం ముగించేదాకా అది దిగలేదు.