అవ్వ దిగని గని

మొన్న రైల్వే స్టేషన్ బయట ఎవరో పొయ్యిలో పచ్చి రాతిబొగ్గు వేసి రాజేస్తుంటే, ఆ ఘాటు ముక్కుకు తగిలి, ఎక్కాల్సిన రైలు సంగతి మరచి అక్కడే నిలబడిపోయాను. డెబ్బై దాటినదాన్ని, ఆ వాసనకు ఏడేళ్ల పిల్లనైపోయాను.

మాది ఆసిఫాబాద్ వైపు ఒక బొగ్గుగనుల ఊరు. రజాకార్ల గొడవలు సద్దుమణిగాక, పని వెతుక్కుంటూ కరీంనగర్ పల్లె నుంచి వచ్చిన మా బాపు, అంటే నాన్న, అక్కడ గనిలో కుదిరాడు. ఊరంతా వంటకు బొగ్గే. పచ్చిది నేరుగా పొయ్యిలో పెడితే ఊపిరాడదు కనుక, సాయంత్రమయ్యేసరికి ప్రతి ఇంటి ముందూ కుప్ప పోసి కాల్చేవారు, పొగ పోయి నిప్పు ఎర్రబడ్డాక నీళ్లు చల్లి ఆర్పి, ఆ బొగ్గును లోపలికి తెచ్చుకునేవారు. వందిళ్ల ముందు వంద కుప్పలు రాజుకుంటే పక్కింటి పిల్ల ముఖం కూడా ఆనేది కాదు. మాకదే పండగ. ఆ పొగలోనే దాగుడుమూతలు ఆడేవాళ్లం, దగ్గినవాళ్లు దొరికిపోయినట్టే. దోమలు పోతాయని పెద్దలు మెచ్చుకునేవారే తప్ప ఆ పొగను తిట్టిన పాపాన పోలేదు.

ఇంట్లో భయమంతా బాపు రొమ్ము గురించే. గని దిగినవాడి లోపల దుమ్ము పేరుకుంటుందని, బెల్లం తింటే అది కిందికి జారిపోతుందని కాలనీ అంతా నమ్మేది. బాపు పని నుంచి రాగానే అవ్వ, మా వైపు అమ్మను అలాగే పిలుస్తాం, ఆయన చేతిలో బెల్లంగడ్డ పెట్టి, నమిలి మింగేదాకా ఎదురుగా నిలబడేది. నాకో ముక్క విరిచిచ్చేది. తాను మాత్రం వేలు కూడా నాకేది కాదు, గని దిగనిదానికి బెల్లమెందుకని. మళ్లీ వెళ్లి సిగిడి ముందు కూర్చునేది. పాత ఇనుప బకెట్టుకు లోపల మట్టి మెత్తి చేసిన పొయ్యి అది. బాపు రేకులతో కట్టిన వంటింటికి కిటికీ లేదు. సరిగా కాలని బొగ్గు ఒక్కటి పడితే చాలు, అవ్వ కనబడేది కాదు, గొట్టంతో ఊదే చప్పుడూ దగ్గూ మాత్రం వినబడేవి. దసరాకు గారెలు, ఆ తర్వాత సకినాలు, మా నోళ్లు ఆడినన్నాళ్లూ ఆమె అక్కడే. చలికాలం ఆ సిగిడినే మా పక్కల దగ్గరికి తెచ్చి తలుపులు బిగించేవాళ్లం. అబ్బ, ఎంత హాయిగా ఉండేదో.

నాకు ప్రతిదీ ఆరా తీయడం ఒక జబ్బు. బాపు పొద్దున ముఖం కడుగుతూ ఉమ్మితే నల్లగా పడుతుందని తెలుసు. ఒకరోజు అవ్వ ఉమ్మినదీ వంగి చూశాను. అదీ నలుపే. నిధి దొరికినట్టు పరుగెత్తాను.

"బాపూ, అవ్వ గనిలకు ఎప్పుడు దిగింది?"

బాపు నవ్వబోయి ఆగిపోయాడు. ఆ రోజే సిగిడిని ఎత్తుకెళ్లి చూరు కింద పెట్టాడు. నాలుగు రోజులు బాగానే సాగింది. తర్వాత ముసురు పట్టింది, ఈదురుగాలికి అన్నం ఉడకలేదు, గని కూత వేసే వేళకు బాపు గిన్నె సిద్ధం కాలేదు. అవ్వ గొణుక్కుంటూ సిగిడిని మళ్లీ లోపలికి ఈడ్చుకుంది. బాపూ చూశాడు, నేనూ చూశాను, కంచాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. వేళకు తిండి అందాలి కదా మాకు.

నేను పెద్దబడికి వచ్చేసరికి అవ్వ బిందె ఎత్తితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయేది. దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు వీపు మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, చుట్ట తాగుతావా అని అడిగాడు. ముట్టనే లేదంది. మరి ఏం పని చేస్తావన్నాడు.

"పనేం లేదు సారు. ఇంట్లనే ఉంట," అంది అవ్వ.

పక్కన నిలబడ్డ బాపు ముందుకొచ్చాడు.

"నేనన్న ఎనిమిది గంటలు పనిజేసి పైకొస్త సారు. గీమె ఒక్కనాడు పైకి రాలే."

అవ్వ ఇంకో మూడేళ్లే ఉంది. బాపు ఆ తర్వాత ఇరవై ఏళ్లు బతికాడు. ఇప్పుడా కాలనీలో కుప్పలు లేవు, సిగిడి అంటే పిల్లలకు తెలియదు, ఇంటింటా గ్యాసు పొయ్యే. అయినా ఏ ఆడమనిషైనా తనకేం పని లేదు, ఇంట్లోనే ఉంటానంటే నాకు ఒళ్లు మండుతుంది. తిన్నగా వాళ్ల వంటింట్లోకి పోయి కిటికీ ఉందో లేదో చూస్తాను, మా పిల్లలు నవ్వినా సరే. ఏడేళ్లకే తెలిసిపోయింది నాకు. తెలిసి కూడా ఆ అన్నం తిన్నాను.