శాంతమ్మ బరువున్న వడ్ల మూట

ఈమధ్య మా వీధిలో ఒక కుర్రాడు పాత బుల్లెట్టు కొన్నాడు. రోజూ పొద్దున్నే గేటు ముందు దాన్ని స్టార్టు చేసి, ఇంజను వేడెక్కేదాకా వదిలేసి, పళ్లు తోముకుంటాడు. ఆ చప్పుడు నాకు పడదు. బుల్లెట్టు అన్నాక నిలకడగా కొట్టుకోవాలి. ఇది రెండు దెబ్బలు కొట్టి మూడోది మింగేస్తుంది, ఆగిపోయిందనుకునేలోగా మళ్లీ అందుకుంటుంది. మొన్న ఉండబట్టలేక కాఫీ గ్లాసుతోనే బయటికి వెళ్లి, "దీనికి రేసు క్యాములు వేయించావా నాయనా?" అని అడిగాను. వాడు నోట్లో బ్రష్షు అలాగే ఉంచుకుని నన్ను ఎగాదిగా చూశాడు. లెక్కల టీచరుగా రిటైరైన డెబ్బై ఏళ్ల ముసలమ్మ అడిగే ప్రశ్న కాదు మరి. "మీకెట్ల తెల్సు మేడమ్?" అన్నాడు. దేవసహాయం సార్ గురించి ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తోచక, ఏదో అని లోపలికి వచ్చేశాను.

డెబ్బైల చివర్లో బాపట్ల నుంచి నంద్యాలకు ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆయన ఇంట్లోనే పక్క వాటాలో అద్దెకు దిగాను. ఆయన వరి, జొన్న, పత్తి విత్తనాల మీద పరిశోధన చేసే క్షేత్రంలో పనిచేసేవారు. కొత్త రకం విత్తనం వస్తే పాత రకం పక్కనే వేసి, రెండింటికీ ఒకే ఎరువు, ఒకే నీళ్లు పెట్టి, ఏది మేలో తేల్చడం ఆయన పని. ఆ జబ్బు ఇంటికి కూడా అంటుకుంది. కొత్త కాఫీ పొడి తెస్తే పాత పొడితో ఇంకో గ్లాసు కలిపి రెండూ నా ముందు పెట్టేవారు. "పక్కపక్కన పెట్టి చూడందే ఏదీ నమ్మాకు టీచరమ్మా" అనేవారు. లోపలి నుంచి ఆయన భార్య శాంతమ్మ, "నన్ను చేసుకునేటప్పుడు పక్కన ఎవర్ని నిలబెట్టి చూసినాడో అడుగు పాపా" అనేది. ఊరుగాని ఊళ్లో ఒంటరిగా ఉన్న నాకు వాళ్లిద్దరి పోట్లాటే రేడియో. ఆదివారం చర్చి నుంచి వచ్చాక కోడికూర గిన్నె గోడ మీదుగా ఇచ్చేవాళ్లు, దానితోపాటు ఆ వారం తగాదా కూడా.

శాంతమ్మకు కళ్లు పోతున్నాయి. ముందు రేచీకటి అన్నారు. తర్వాత పక్కలు కనపడడం మానేశాయి, ఎదురుగా ఉన్నది మాత్రమే గొట్టంలోంచి చూసినట్టు కనపడేది. ఇది ఆగేది కాదని, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేమని కర్నూలులో డాక్టరు చెప్పాడట. ఆ సంగతి నాకు తెలియని రోజుల్లో ఒక సాయంత్రం అరుగు మీద కూర్చుని మా ఊరి సముద్రం గురించి ఆమెకు చెప్పాను. నాకు సముద్రం మీద పెద్ద ప్రేమేమీ లేదు, ఇంటి మీద బెంగతో చెప్పుకున్నాను. ఆమె వింటూ వింటూ, "నేను సముద్రం చూడనే లేదే పాపా" అంది. మామూలుగా అన్న మాట. గుమ్మంలో నిలబడ్డ సార్ విన్నారు. మర్నాడు పొద్దున ఆయన బుల్లెట్టు తుడుస్తూ కనిపించారు. శాంతమ్మను వెనక కూర్చోబెట్టుకుని ఆళ్లగడ్డ, మైదుకూరు, బద్వేలు మీదుగా నెల్లూరు దాకా పోయి, తన అక్క ఇంట్లో దిగి, అక్కడి నుంచి సముద్రం చూపించాలని నిర్ణయం అయిపోయింది. "బస్సులో పోవచ్చుగా సార్" అన్నాను. "బస్సులో మంది వీపులు తప్ప ఏం కనపడతాయి?" అన్నారు. అదీ నిజమే.

అసలు చిక్కు పొద్దుతో వచ్చింది. చీకటి పడితే ఆమెకు ఏమీ కనపడదు, బండి మీద ఆయన చొక్కా పట్టుకుని వణికిపోతుంది. కాబట్టి తెల్లారి బయల్దేరితే పొద్దు వాలకముందే నెల్లూరు చేరాలి. ఆయన బండికి అంత పరుగు లేదు. మద్రాసు వైపు మోటారుసైకిలు పందేలకు పోయే ఆయన చిన్నాన్న కొడుకు ఒకడు, నూనెగుడ్డలో చుట్టిన రేసు క్యాముల జత ఎప్పుడో ఇచ్చి ఉన్నాడు. సార్ వాటిని నా బల్ల మీద పరిచి పాఠం చెప్పారు. ఇంజను ఊపిరి పీల్చి వదిలే తలుపుల్ని ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో నడిపించేది క్యాము. దాని మీద కోడిగుడ్డు మొనలాంటి బుడిపె ఉంటుంది. ఆ మొన రేసు క్యాముల్లోలా ఎత్తుగా, వెడల్పుగా ఉంటే తలుపు ఎక్కువసేపు తెరుచుకుని ఉంటుంది. పరుగులో ఉన్న ఇంజనుకు అది మేలు. మెల్లగా పోయేటప్పుడు మాత్రం పీల్చిన గాలి వచ్చిన దారినే వెనక్కి పోయి ఇంజను తడబడుతుంది. "అయితే ఏది వేయాలి సార్?" అన్నాను. "అది తెలిస్తే నీ దగ్గరికి ఎందుకు వస్తా?" అన్నారు. నేను పటాలు గీశాను, కోణాలు లెక్క వేశాను. కాగితం నిండింది గానీ జవాబు రాలేదు.

శాంతమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ. ఒక ఆదివారం ముగ్గురం అక్కడికి పోయాం, నేనూ ఆమే బస్సులో, సార్ బండి మీద. ఆయన నమ్మే మెకానిక్కు మస్తాన్ షెడ్డు కూడా అక్కడే. మస్తాన్ రేసు క్యాములు చేతిలోకి తీసుకుని చంటిపిల్లను చూసినట్టు తిప్పి తిప్పి చూశాడు. "ఇవి ఏస్తే బండి యాడికో పోతాది సార్. ఆపేదానికి బ్రేకులు గూడా కొత్తవి ఏయల్ల" అన్నాడు.

"మెల్లగా పోవల్లంటే?"

"మెల్లగా పోయేదానికి ఇవెందుకు సార్, ఎద్దులబండి ఉండ్లే?"

అంతలో నా చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన శాంతమ్మను చూసి తల గోక్కున్నాడు. "అమ్మ ఎనక కూచుంటాదా? అట్లయితే పాతవే మేలేమో."

"ఇప్పుడే గదప్పా కొత్తవి ఏయమంటివి?"

"అమ్మ సంగతి మీరు చెప్పలే గదా సార్. ఆలోచన చేయల్ల" అని టీ తెప్పించాడు. టీ అయిపోయింది గానీ ఆలోచన తెగలేదు.

ఇక సార్‌కు తెలిసిన దారి ఒక్కటే మిగిలింది. రెండు రకాలనూ ఒకే చేనులో వేసి చూడడం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు ఒకసారి పాత క్యాములతో, ఒకసారి కొత్త క్యాములతో. రోడ్డు అదే, పెట్రోలు అదే, నడిపే మనిషీ అదే. వెనక బరువు మాత్రం సమానంగా ఉండాలి. శాంతమ్మను కూర్చోబెట్టుకుని పోతే ఆమె అలసిపోతుంది. అందుకని పొలంలో వడ్లు తూచే కాటా మీద ఆమెను నిలబెట్టి, సరిగ్గా ఆమె బరువున్న వడ్ల మూట కట్టించారు. తూకం సరిపోలేదని ఇంకో దోసెడు పోయించారు. "నేను ఈ మాత్రం లావు లేను" అని శాంతమ్మ. "కాటా అబద్ధం చెప్తాదా?" అని ఆయన. మూటను వెనక సీటుకు కట్టి పోయి వచ్చారు. కొత్త క్యాములు గెలిచాయి. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ఎన్నడూ చూడలేదు. కానీ నంద్యాల బజారులో జనం మధ్య మెల్లగా వస్తుంటే బండి రెండుసార్లు ఆగిపోయిందని కూడా ఆయనే చెప్పారు. "అది బజారు, మన తోవ కాదు" అని కొట్టిపారేశారు. నాకు ఏదో తేడాగా అనిపించింది. పరీక్ష పద్ధతిగా జరిగింది, తప్పు పట్టడానికి చోటు లేదు. అయినా మనసుకు ఎక్కలేదు.

ఒక తెల్లవారుజామున వాళ్లు బయల్దేరారు. నాలుగైదు రోజులు పడుతుందనుకుంటే మూడో రోజు సాయంత్రమే వచ్చేశారు. శాంతమ్మ ఎండకు నల్లబడి నవ్వుతూ దిగింది. సార్ హెల్మెట్టు తీయకుండా అరుగు మీద కూర్చుండిపోయారు. బండి మాత్రం మునుపటి లాగా నిలకడగా కొట్టుకుంటోంది.

జరిగింది నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. శిరివెళ్ల దాటాక శాంతమ్మ ఆయన భుజం తట్టి మెల్లగా పోనీయమందట. జొన్నచేలు చూడాలట. కాసేపటికి కాలవ చూడాలట. చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి కలుపు తీసిన చేనట, ఎదురుగా ఉన్నదే కనపడుతుంది కాబట్టి తల తిప్పుకుంటూ కొంచెం కొంచెంగా చూడాలట. మెల్లగా పోనిస్తే ఇంజను దగ్గి ఆగిపోవడం, ఆయన దిగి కిక్కులు కొట్టడం. వడ్ల మూట ఎక్కడా ఆపమని అడగలేదు కదా. పొద్దెక్కుతున్న కొద్దీ ఆయనకు కంగారు పెరిగి, "చూడాల్సింది సముద్రం, ఈ జొన్నలు కాదు. బిరీన పోకుంటే చీకటి పడతాది" అని గట్టిగా అన్నారు. ఆమె దిగి రోడ్డు పక్కన నిలబడి, "సముద్రం చూపీమని నేనెప్పుడు అడిగినా?" అంది. ఆయన ఆమెను మళ్లీ ఎక్కించుకున్నారు. ఆళ్లగడ్డ చేరగానే మస్తాన్‌తో రేసు క్యాములు పీకించి పాతవి వేయించారు. ఆ పగలు దానికే సరిపోయింది. మర్నాడంతా ఆమెను వెనక కూర్చోబెట్టుకుని, అహోబిలం రోడ్డునా చుట్టుపక్కల పల్లెల్లోనూ నడక కన్నా కొంచెం వేగంగా తిప్పారు. ఆ పైరోజు వెనక్కి వచ్చేశారు. "ఆమే వద్దనింది" అని ఆయన నాతో చెప్పారు. "ఆయప్పే ఎనక్కి మర్లుకున్యాడు" అని ఆమె చెప్పింది. ఎవరి మాట నమ్మాలో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ తెలిసిందని చెప్పలేను.

కొన్నేళ్లకు ఆమెకు చూపు పూర్తిగా పోయింది. నాకు ఆళ్లగడ్డకు బదిలీ అయినా సెలవు రోజుల్లో వాళ్లింటికి పోతుండేదాన్ని. ఒకరోజు సార్ చర్చి కమిటీకి పోయినప్పుడు చిక్కుళ్లు గిల్లుతూ శాంతమ్మ తనంతట తనే అంది: "ఆ పొద్దు సముద్రం చూసింటే బాగుండు పాపా."

నా చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "వద్దన్నది మీరే కదమ్మా?"

"కోపంలో అంటి. పోదాం పా అని ఆయప్ప ఇంగొకసారి అనింటే పోయేదాన్ని."

"మరి ఆ మాట సార్‌తో చెప్పకపోయారా?"

"యాడ చెప్పేది? చెప్తే మళ్లా బండి ఇప్పుతాడు. మళ్లా నన్ను కాటా ఎక్కిస్తాడు." నవ్వింది. నవ్వు ఆగాక, "నువ్వు గూడా చెప్పాకు" అంది. చెప్పనని మాట ఇచ్చాను.

ఎనభైల చివర్లో సార్ మంచాన పడ్డారు. చూడబోయినప్పుడు మనిషి సగమైపోయి ఉన్నారు, చూపు మాత్రం పాతదే. శాంతమ్మ వంటింట్లో ఉంది. ఆయన నన్ను దగ్గరికి రమ్మని మెల్లగా అడిగారు: "టీచరమ్మా, ఆమె నీతో అన్నీ చెప్పుకుంటాది. ఆమెకు సముద్రం కావాల్సిందా, వద్దా?"

నిజం చెప్తే పోయేముందు ఆ బరువు ఆయన మీద పెట్టినట్టు. అబద్ధం చెప్పాలంటే ఆయన ముందు నోరు రాలేదు. "తెలీదు సార్" అన్నాను.

"నాకూ తెలీల. రెండు తోవలూ పక్కపక్కన ఏసి చూసేదానికి లేకపాయ" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఆ నెలలోనే పోయారు.

కర్మకాండలు లేని ఇల్లు కాబట్టి ప్రార్థన అయ్యాక జనం త్వరగానే వెళ్లిపోయారు. నేనూ శాంతమ్మా మిగిలాం. ఆమె "ఆ పొద్దు ఆయప్ప నిన్ను అడిగింది వంటింట్లోకి వినపడింది" అంది. నేను మాట తప్పలేదని మెచ్చుకుంటుందేమో అనుకున్నాను. ఆమె నా చెయ్యి వెతికి పట్టుకుని, "చెప్పింటే బాగుండు పాపా" అంది.

"చెప్పొద్దన్నది మీరే కదమ్మా" అన్నాను.

"అవు. నేనే అంటి" అంది.

అప్పటి నుంచి ఎవరైనా నాతో వద్దంటే, కాసేపాగి రెండోసారి అడుగుతాను. మా పిల్లలు విసుక్కుంటారు. రెండోసారి చెప్పింది నమ్మాలో, మూడోసారి అడగాలో తెలియక అక్కడే నిలబడిపోతాను.