గోడ అవతల చెంబు చప్పుడు

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దవాఖానల పనిచేసేదాన్ని, శవాల గది ముంగటి నుంచే టీకి పోయేదాన్ని. ఎవరన్న దయ్యం ముచ్చట మొదలువెడితే నాకు చిరాకు లేస్తది. అయినా ఇది రాస్తున్న. నాకు జరిగింది, అప్పుడు నేను మంచి సోయిలనే ఉన్న.

రెండు వేల ఆరో, ఏడో అనుకుంట. చర్ల దిక్కు ఒక చర్చి దవాఖానల నర్సును. కిరాయికి వరుస గదులల్ల ఒకటి తీసుకొని ఒక్కదాన్నే ఉండేదాన్ని. పొద్దంతా మందితోటి మాట్లాడి ఇంటికొస్తే పలకరించే మనిషి లేకపోయేది. అన్నం గిన్నెలనే తినేదాన్ని. పళ్ళెం ఎందుకులే అనిపించేది.

పక్క గదిల యోసేపు పెద్దయ్య ఉండేటోడు. బొగ్గుబాయిల నడుము విరిగి ఇంటికొచ్చిన మనిషి. భార్య సచ్చిపోయింది, బిడ్డ ముదిగొండల ఉంటది. నొప్పికని మొదలైన సూది ఆయనను వదల్లే. మత్తు మందు అది. ఎక్కువైతే మనిషి గుర్రు కొట్టుకుంట నిద్రపోతడు, ఆ నిద్రలనే ఊపిరి ఆగుతది. ఒకపాలి గట్లనే పోబోయిండు. పెదవులు నీలమైనయ్. నోట్ల నోరు పెట్టి ఊపిరి ఊదుకుంట ఉంటే మా డాక్టరమ్మ వచ్చి విరుగుడు సూది ఇచ్చింది. బతికిండు.

మానెయ్యమంటే ఆయనతోటి కాలే. కొత్తగూడెం పోయి చూపించుకుందాం అన్న, తల ఊపిండు గాని కదల్లే. ఆఖరికి నాకు కోపమొచ్చింది. మానకుంటే మానకు, ఒక్కనివే ఉన్నప్పుడు మాత్రం వేసుకోకు అన్న.

“నాకెవరున్నరు బిడ్డా?” అన్నడు.

“గోడ అవతల నేనున్న గదా” అన్న.

అట్ల మా పద్ధతి మొదలైంది. సూది వేసుకునే ముందు స్టీలు చెంబుతోటి గోడ కొట్టేటోడు. నేను గరిటెతోటి జవాబు కొట్టేదాన్ని. ఇగ మత్తు దిగేదాక ఆయన నడుమ నడుమ కొడుతనే ఉండాలె. చప్పుడు ఆగితే నేను పోవాలె. ఆయన కోసం ఒక విరుగుడు సూది డాక్టరమ్మను అడిగి నా మందుల డబ్బల పెట్టుకున్న. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు నాకూ అలవాటైంది. ఊరందరిల నా కోసం గోడ కొట్టేది ఆయనొక్కడే.

ఆ చలికాలం ఆయన పోయిండు. సూదితోటి కాదు, బొగ్గు దుమ్ము తిన్న ఊపిరితిత్తులతోటి. బిడ్డ వచ్చి సామాను సదురుకొని పోయింది. చెంబు నేను అడిగి తీసుకున్న, నా అలమారుల పెట్టుకున్న. గదికి తాళం పడ్డది.

ఎండకాలం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం డ్యూటీ లేదు. ఎండకు జడిసి ఊరంత తలుపులు వేసుకున్నది. నేను బట్టలు మడతబెడుతున్న. గోడ మోగింది.

ఎలుకలనుకున్న. మళ్ళ మోగింది. ఎలుకలు స్టీలు చప్పుడు చెయ్యవు గదా. భయమైందంటే అబద్ధం, నాకు ఏడుపొచ్చింది. గరిటె తీసుకొని జవాబు కొట్టిన. అవతల నుంచి మళ్ళ కొట్టిన్రు. తర్వాత మెల్లగైంది, పెద్దయ్యకు మత్తు ఎక్కుతున్నప్పటి లెక్క. ఇగ ఆగిపోయింది.

చప్పుడు ఆగితే లేచి ఉరుకుడే నాకు అలవాటు. తలుపుకు తాళం అట్లనే ఉన్నది. ఇంటామె రంగమ్మక్కను లేపి తాళం చెవి అడిగిన. నన్ను ఎగాదిగా చూసింది గాని ఇచ్చింది. లోపల ఏం లేదు, దుమ్ము తప్ప. ఉక్కపోతకు వెనక తలుపు తెరిచిన. నా గదికి వెనక తలుపు లేదు, అటు దిక్కు నేనెన్నడూ చూసేదాన్ని కాదు.

పెరట్ల పందిరి కింద వెదురు లారీ డ్రైవర్ వెంకన్న పండుకొని ఉన్నడు. ముఖం మీద తువ్వాల. మా దిక్కు ఇప్పసార తాగి పడ్డోన్ని ఎవరూ లేపరు. నీడకు గుంజి, ఈగలు వాలకుంట ముఖం మీద బట్ట కప్పి పోతరు. మర్యాద అది.

“పొద్దుగాల తాగిండు. పండుకోనియ్ సిస్టరమ్మా, లేపితే తిడతడు” అన్నది రంగమ్మక్క.

తువ్వాల కింద నుంచి గుర్రు వచ్చి ఆగింది. మళ్ళ రాలే. తువ్వాల తీసిన. పెదవులు నీలంగ ఉన్నయ్. పక్కన నొప్పి గోళీల ఖాళీ అట్ట, పెద్దయ్య సూది లెక్క మత్తు మందే అది. సారా మీద అవి మింగిండు.

గడ్డం పైకెత్తి, ముక్కు మూసి ఊపిరి ఊదిన. రంగమ్మక్క ఉరికి నా డబ్బ తెచ్చింది. పెద్దయ్య కోసం పెట్టుకున్న సూది వెంకన్న తొడకు గుచ్చిన. ఊదుతనే ఉన్న. ఆఖరికి దగ్గిండు, కళ్ళు తెరిచి నన్ను బూతులు తిట్టిండు. అంత మంచి తిట్లు నేనెన్నడూ వినలే. ఆ విరుగుడు కాసేపే పనిచేస్తది, మళ్ళ మత్తుల పడతడని జీపుల పక్కకు తిప్పి పండవెట్టి భద్రాచలం తీసుకపోయినం. బతికిండు. ఇద్దరు పిల్లల తండ్రి.

తర్వాత అన్నీ చూసుకున్న. గోడ కొట్టింది వెంకన్న అనుకుందామంటే, అది రెండు గదుల నడిమి గోడ, పెరట్ల నుంచి అందదు. గది తాళం నా ముంగటనే తీసినం. చెంబు నా అలమారులనే ఉన్నది. ఎండకు నా చెవులు మోగినయ్ అంటే, మోగిన చెవులు జవాబు కూడ ఇస్తయా? డాక్టరమ్మకు చెప్తే అలసిపోయినవ్ అన్నది. కావచ్చు. నాకిప్పటికీ తెల్వది.

వెంకన్నను దించి వచ్చిన సాయంత్రం నేను దీపం కూడ పెట్టలే. అలమారుల నుంచి చెంబు తీసుకొని గోడ కొట్టిన. మనిషి బతికిండు పెద్దయ్యా అని చెప్దామని. చెవి గోడకు ఆనించి చానసేపు కూసున్న. మళ్ళ కొట్టిన.

అవతల ఎవరూ కొట్టలే.