కాకి వాలని పొలం

గుంటూరు జిల్లా కోర్టులో జడ్జీగారితో ఇంగ్లీషులో వాదించి, మా వదినకు పొలం అమ్ముకునే సెలవు తెచ్చింది నేనేనని మా ఊళ్లో ఏళ్ల తరబడి చెప్పాను. కాదనగలిగిన వాళ్లిప్పుడు ఎవరూ లేరు కనుక నిజం రాసినా పోయేదేమీ లేదు. నేను మాట్లాడింది తెలుగే. అదీ నాలుగు ముక్కలు. ఆ నాలుగు ముక్కలే కొంప ముంచబోయాయి.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. మా అన్న మిరప చేలో బావి తవ్విస్తూ, సగంలో ఉండగానే జ్వరంతో పోయాడు. అప్పటికే ఊట పడింది గానీ, ఒడ్లకు రాతికట్టు లేదు. తొలకరి వానలకు ఒడ్లు విరిగిపడితే బావి పూడిపోతుంది. కట్టుకు డబ్బు కావాలి. అమ్మడానికి వదిన దగ్గరున్నదల్లా అన్న వాటాకు వచ్చిన ఇంకో చేను. జానెడు మట్టి కింద అంతా నాపరాయి. దాన్ని కొంటానని మాచర్ల నుంచి ఒక రాళ్ల వ్యాపారి, సాయిబుగారు, వచ్చాడు.

"కొంటానమ్మా. రేపు నీ కొడుక్కి మీసాలొచ్చి నా మీద దావా ఏస్తే నేనేడ చావను? కోర్టు కాయితం తెచ్చుకో" అన్నాడు.

అన్న పోయాక పొలం ఆయన కొడుకుది, పసివాడిది. వాడికి గార్డియన్‌గా వదినను కోర్టే నియమించింది. కోర్టు సెలవు లేకుండా సెంటు భూమి కూడా అమ్మడానికి లేదు.

వదిన, సాయిబుగారు, నేను ముగ్గురం గురజాలలో గుంటూరు రైలెక్కాం. నేను సాక్షిని. ఆ చేను సాగుకు పనికిరాదని చెప్పి దిగిపొమ్మన్నాడు మా ప్లీడరు. బోనెక్కాక అంత చిన్న మాటతో దిగడానికి నాకు మనసు రాలేదు. "ఆ చేలో జిల్లేడైనా మొలవదండీ, కాకైనా వాలదండీ" అన్నాను. ప్లీడరు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

జడ్జీగారు తెలుగువారే. కాగితంలోంచి తలెత్తి, "కాకి వాలని భూమికి ఇంత ధర ఎవరిస్తారయ్యా?" అన్నారు. ఏదో లాలూచీ ఉందని ఆయనకు అనుమానం వచ్చింది. వేసవి సెలవుల తరవాత విచారిద్దామన్నారు. కోర్టు మళ్లీ తెరిచే నాటికి వానలు పడతాయి.

వెనక బల్ల దగ్గర వదిన లేచి నిలబడింది.

"అయ్యా, మా మరిది ఒకటుంటే పది చెప్తాడు. జిల్లేడు మొలుస్తది, కాకులూ వాల్తయి. నాగలే దిగదు. ఆ సాయిబుగారికి కింద రాయి కావాల, నా బిడ్డకి నీళ్లు కావాల. బాయికి సరిపడా రాయి ఆయనే వదిలేస్తానన్నాడు. ఇప్పుడు కట్టకపోతే మా ఆయన తవ్విందంతా పూడిపోద్ది."

జడ్జీగారు సాయిబుగారిని పిలిచి అడిగారు. ఆయన అవునన్నాడు. సొమ్ము కోర్టులో కట్టాలనీ, బావి పనికి తప్ప తీయకూడదనీ, కట్టుకు రాయి ఆ చేలోదే ఇవ్వాలనీ చెప్పి అక్కడికక్కడే అమ్మకానికి సెలవిచ్చారు. వేరే చోట అయితే ఎగిరి గంతేసేవాణ్ణి. వదిన ముఖం చూసి బుద్ధిగా బయటికి నడిచాను.

తిరుగు రైల్లో నరసరావుపేట దాటాక వదిన మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం విరిచి నా చేతిలో పెట్టింది.

"అబ్బాయ్, ఊళ్లో ఏం చెప్పుకుంటావో చెప్పుకో, నేను కాదనను. రాళ్లు మాత్రం నువ్వే మొయ్యాల."

మోశాను. బావి మొత్తం నా భుజాల మీదే లేచిందని కూడా చెబుతుంటాను. నలుగురు వడ్డెరలు కూడా ఉన్నారు లెండి. తొలకరి పడేనాటికి కట్టు నేలమట్టానికి వచ్చింది. ఆ వానకు ఒడ్డు నుంచి మట్టిపెళ్ల ఒక్కటి కూడా జారలేదు. వదిన కొడుకును చంకనేసుకుని బావిలోకి తొంగి చూపించింది. వాడు నీళ్లలో తన ముఖం చూసుకుని నవ్వాడు.

ఇందులో మాత్రం నేను కలిపిందేమీ లేదు.