నమూనా కుర్చీల జత

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తనమీద తనకు ఎంత గౌరవం ఉంటుందో, ఆ తరవాత ఎప్పుడూ అంత ఉండదు. ఆ రోజుల్లో నేను కలకత్తా మహానగరంలో ఒక విదేశీ వ్యాపార సంస్థలో బాధ్యత గల ఉద్యోగినని గట్టిగా నమ్మేవాణ్ణి. చూసినవాళ్ళెవరూ అలా అనుకునేవారు కాదు, ఎందుకంటే నన్ను చూసేవాళ్ళే లేరు. (ఈ మాట ఇప్పుడు నవ్వుతూ రాస్తున్నాను. అప్పుడు నవ్వలేదు.)

విదేశీ వ్యాపారమంటే మరేం లేదు. జావా దీవి నుంచి కర్ర బల్లలు, పేము కుర్చీలు ఓడల మీద కంటైనర్ల కొద్దీ తెప్పించి, ఊరూరా దుకాణాలకు టోకున అమ్మే కంపెనీ. యజమానిని అందరూ బొడోబాబు అనేవారు, అంటే పెద్దయ్యగారని. కళ్ళజోడు నుదుటి మీదకు తోసి, పేము అల్లికను వేలితో తడిమి ఏ సరుకో చెప్పగల మనిషి. ఆయన లెక్కలో కటక్ దాటితే అంతా మద్రాసే కాబట్టి నా పేరు ఆయనకు అవసరం రాలేదు, నేను ‘మాద్రాజీ’ని. జావా కార్ఖానాల వాళ్ళతో ఉత్తరప్రత్యుత్తరాలు నడపడం, రేవులో కాగితాలు పట్టుకుని కౌంటరు నుంచి కౌంటరుకు తిరగడం నా పని. నన్ను ఆ ఉద్యోగంలో పెట్టింది రేవులో సరుకు విడిపించే క్లియరింగ్ ఏజెంటు, మా ఊరివాడే. పెట్టిన నెలకే ఆయనకు వేరే రేవుకు బదిలీ అయిపోయింది. ఊళ్ళో నాకు తెలిసిన ఒక్క మనిషీ అలా హౌరాలో రైలెక్కాడు.

రేవుకు దగ్గర్లో, ఏక్‌బాల్‌పూర్‌లో రెండో అంతస్తు మీద గది తీసుకున్నాను. కింద కుళాయి దగ్గర శ్రీకాకుళం మాటలు వినిపించేవి, డాకుల్లో పనిచేసే కుటుంబాలు. నేను ఇస్త్రీ చొక్కాతో మెట్లు దిగితే చాలు, ‘బాబొస్తన్నాడు, బిందె తియ్యే’ అని దారి ఇచ్చేసి మాట ఆపేసేవారు. ఊరికి అటుపక్క బ్యాంకుల్లోనూ పెద్దాఫీసుల్లోనూ చేసే తెలుగువాళ్ళ సంఘం ఒకటుంటే ఒకసారి వెళ్ళాను. ‘ఏ డిపార్ట్‌మెంటండీ మీది?’ అని అడిగారు. కుర్చీలన్నాను. భోజనాల దగ్గర కుర్చీలు వేసేవాణ్ణనుకుని వరసలు సర్దమన్నారు. సర్ది, భోంచేసి వచ్చేశాను. (భోజనం మాత్రం బాగుంది.)

ఆ కాలంలో నాతో రోజూ మాట్లాడిన మనిషి ఒక్కడే, ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. జావాలో మాకు పేము కుర్చీలు చేసిచ్చే చిన్న కార్ఖానా పెద్దమనిషి. ఆయన ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ ఒకే బడిలో తప్పినట్టుండేవి, అందుకే చక్కగా అర్థమయ్యేది. ఎంత పనున్నా ఆయన ఫోన్లో పెట్టే ప్రతి మెసేజీ ‘తిన్నావా’ అనే మొదలయ్యేది. వాళ్ళ దేశంలో అది పలకరింపని, జవాబు చెప్పక్కర్లేదని నాకు ఏడాది తరవాత తెలిసింది. అప్పటిదాకా నేను ఆయనకు ఏ పూట ఏం తిన్నానో, పప్పులో ఉప్పెంత పడిందో సహా విడమరిచి రాసేవాణ్ణి. పాపం, ఆయనా ఓపిగ్గా చదివి, ‘ఉప్పు తక్కువ వేసుకో, తరవాత మన ఇన్వాయిసు సంగతి’ అని రాసేవాడు. నా మనసులో ఆయన పేరు జావా మావయ్య.

ఇక కుర్చీల జత సంగతి. ఈ వ్యాపారంలో ఒక కట్టుబాటుంది. ఒక రకం కుర్చీ నచ్చితే ముందు ఒక జత నమూనాగా తెప్పిస్తారు. బొడోబాబు వాటిని తిప్పి చూసి, సరేననుకుంటే కాలికి అట్టముక్క కట్టి, సంతకం చేసి, లక్క సీలు వేసి, ప్లాస్టిక్ చుట్టించి దాస్తారు. నెలల తరవాత అసలు సరుకు దిగినప్పుడు ఈ నమూనా పక్కన పెట్టి చూస్తారు. సరిపోలితే సరుకు మనది, లేకపోతే ఓడెక్కి వెనక్కి. ఆ నమూనాయే మాకు సాక్షి. దాన్ని ముట్టుకోవడం మహాపరాధం.

ఆ ఏడాది వానలకు గోడౌన్‌లో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. నమూనాలు పొడిగా ఎక్కడ పెట్టాలా అని బొడోబాబు తలపట్టుకుంటే, మా గది రెండో అంతస్తని నేనే ముందుకు దూకాను. ‘తీసుకెళ్ళు. విప్పకు,’ అన్నారాయన. నేను విప్పలేదు, మొదటి వారం. నా గదిలో చాప తప్ప మరేం లేదు. ప్లాస్టిక్‌లో చుట్టిన రెండు కుర్చీల ఎదురుగా నేలమీద కూర్చుని అన్నం తింటుంటే, నా గదిలో నేనే పనివాణ్ణన్నట్టుండేది. పేముకు గాలి తగలకపోతే బూజు పడుతుందని నాకు నేనే ఒక శాస్త్రం చెప్పుకుని ఒకదాన్ని విప్పాను. (అట్టముక్కా సీలూ ముట్టుకోలేదు, నాకూ కొన్ని నియమాలున్నాయి.) కిటికీ పక్కన వేసుకున్నాను. తినడం, చదవడం, తలకు కొబ్బరినూనె పట్టించుకుని వెనక్కి వాలి నిద్రపోవడం అన్నీ అందులోనే. రెండోదాన్ని కూడా విప్పాను గాని అందులో కూర్చోలేదు. అది వచ్చినవాళ్ళకు. దుమ్ము పడకుండా ఉతికిన దుప్పటి కప్పి ఎదురుగా పెట్టాను.

మా అప్ప, అంటే అక్క, ఫోనులో బొమ్మ చూసి అడిగింది: “ఒక్కడివి, రెండు కుర్సీలేటిరా?”

“వచ్చినోళ్ళు కూకోడానికప్పా.”

“ఎవులొస్తారేటి?”

ఇక ప్రతి ఆదివారం అప్ప ఫోను చేసినప్పుడల్లా నేను లేని మనుషుల్ని తయారుచేయడం మొదలుపెట్టాను. ఒక వారం ఆఫీసు వాళ్ళు, ఒక వారం కింద ఇంటివాళ్ళు. ఒకసారి పండక్కి ఐదుగురొచ్చారని చెబితే, “రెండు కుర్సీల్లో అయిదుగురెలా కూకున్నార్రా?” అంది. అప్పటినుంచి ఒక్కొక్కణ్ణే రప్పించాను.

అసలు సరుకు ఏడు నెలలకు వచ్చింది, మూడు వందల కుర్చీలు. ఆ రోజు నేను రేవులో కాగితాల వెనక తిరుగుతున్నాను. బొడోబాబు ఆగలేక ఇద్దరు కూలీల్ని నా గదికి పంపి, ఇంటి ఓనరమ్మ దగ్గర మారుతాళం తీయించి నమూనా తెప్పించారు. వాళ్ళు దుప్పటి కింద ఏముందో చూడలేదు, కిటికీ పక్కనున్నది ఎత్తుకొచ్చేశారు. నేను గోడౌన్‌కు చేరేసరికి కొత్త కుర్చీల మధ్య నా కుర్చీ కూర్చుని ఉంది.

“రా మాద్రాజీ, మోసం చూడు,” అన్నారు బొడోబాబు. (ఆయన బెంగాలీని నాకొచ్చిన తెలుగులో చెబుతున్నాను.) “ఇది మనం ఒప్పుకున్న కుర్చీ. ఈ రంగు చూడు, తేనెరంగు. పండిన పేము. వీపు దగ్గర ఈ మెరుపు చూడు, ఏదో రహస్యమైన పాలిష్.” అని వాసన చూశారు. “ఏదో మంచి నూనె. ఇక కూర్చునే చోటు చూడు, మనిషి కోసమే ఒదిగినట్టు ఎంత హాయిగా దిగిందో. మరి పంపినవి? పాలిపోయి, బిగుసుకుపోయి, పచ్చి పేము. ఒక్కటీ తీసుకోను. వెనక్కి పంపుతున్నానని రాయి.”

నా జీవితంలో నేను చేసిన పనిని ఒక పెద్దమనిషి అంతగా మెచ్చుకోవడం అదే మొదటిసారి. నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, పోతే హౌరాలో రైలెక్కడమే. వాతావరణంలో తేమ అనీ, ఓడలో ఉప్పుగాలి అనీ ఏవేవో గొణిగాను. ‘రాయి’ అన్నారాయన. రాశాను. ఆ మెసేజీ నా వేళ్ళతో నేనే పంపాను, ఇప్పటికీ సిగ్గుపడతాను.

జవాబు పావుగంటలో వచ్చింది. తిన్నావా అని అడిగి, తన అల్లిక పనివాళ్ళు ఈ సరుకు మీద నాలుగు నెలలు కూర్చున్నారని, ఎక్కడ తప్పు చేశామో తెలియడం లేదని, ఎక్కడ పొరపాటో నువ్వు చెబితే నమ్ముతానని రాశాడు జావా మావయ్య. ‘నువ్వు చెబితే నమ్ముతాను’ అన్న దగ్గర నాకు ఫోను కనిపించలేదు.

“బొడోబాబూ, అది పాలిష్ కాదు,” అన్నాను. “నా తలనూనె.”

మొత్తం చెప్పాను. కూలీలు పగలబడి నవ్వారు. బొడోబాబు తను వాసన చూసిన సంగతి గుర్తొచ్చి కాబోలు, ముక్కు తుడుచుకున్నారు. తరవాత నిదానంగా, “రెండోది ఏది?” అన్నారు. తెప్పించారు. దుప్పటి తీసి కొత్తవాటి వరసలో పెడితే అట్టముక్కను బట్టి తప్ప గుర్తుపట్టలేకపోయాం. అదే రంగు, అదే బిగువు. సరుకు నిలబడింది.

ఆయన కుర్చీ చుట్టూ తిరిగారు, అల్లిక మీద వేలు పెట్టి చూశారు.

“దీంట్లో ఎందుకు కూర్చోలేదు?”

“అది వచ్చినవాళ్ళకండి.”

“ఏడు నెలలుగా ఎవరొచ్చారు?”

కూలీలు నవ్వు ఆపేశారు. అప్పకయితే చెప్పగలిగాను గాని, పేము ముట్టుకుని వయసు చెప్పే మనిషికి ఏం చెబుతాను? “ఎవరూ రాలేదండి,” అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గు వల్లనని అప్పుడు అనుకున్నాను, కాదు.

ఆయన నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. తప్పు కంపెనీదని జావాకు తనే రాయించి, రెండు కుర్చీలూ నన్నే తీసుకుపొమ్మన్నారు. ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. నేను తువ్వాలు కట్టుకుని ఉన్నాను. గుమ్మంలో బొడోబాబు, చేతిలో నూనె మరకల కాగితం పొట్లం, దాంట్లో సమోసాల్లాంటి సింగారాలు. వచ్చి నేరుగా రెండో కుర్చీలో కూర్చున్నారు. ఏడు నెలలుగా ఎవరైనా వస్తే ఎన్ని కబుర్లు చెప్పాలో దాచుకున్నానా, ఒక్కటీ నోటికి రాలేదు. గాలిలో తేమ శాతం గురించి మాట్లాడాను. ఆయన అవునన్నారు. సింగారాలు తిన్నాం. అరగంటకు లేచి వెళ్ళిపోయారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు ఆగిపోయాక ఆ గది ఎంత ఖాళీగా అనిపించిందో, ఎవరూ రాని ఏడు నెలల్లోనూ ఎప్పుడూ అంత అనిపించలేదు.

మళ్ళీ వస్తానని ఆయన అనలేదు. అయినా పై ఆదివారం నేను పొద్దున్నే గది తుడిచి, ఉతికిన చొక్కా తొడుక్కుని, వేడివేడి సింగారాలు నాలుగు తెచ్చి మూతపెట్టి కూర్చున్నాను. ఆ పై ఆదివారం కూడా. ఆయన పనుల్లో ఆయనున్నారు, రాలేదు. సాయంత్రానికి అవి మెత్తబడిపోయేవి, నాలుగూ నేనే తినేవాణ్ణి. ఇప్పుడు మా ఇంట్లో ఆదివారమొస్తే పిల్లల గోలకు కూర్చోడానికి చోటుండదు, విసుక్కుంటూ మేడెక్కి పోతుంటాను. అక్కడ ఆ ఇరవై మూడేళ్ళ వెర్రివాడు గుర్తొస్తాడు, ఇస్త్రీ చొక్కాతో, మెట్ల వైపు చెవి పెట్టుకుని. దారి తెలిస్తే ఒక్క ఆదివారం ఆ రెండంతస్తులూ ఎక్కి వెళ్ళి, చల్లారకముందే రెండు తినేసి, వాడు చెప్పే తేమ శాతాలన్నీ వినివచ్చేవాణ్ణి.