దానియేలు సారు పోయినా చుక్క మానొద్దు

నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. దానియేలు సారు పోయాడన్నారు.

ఏ దానియేలు అని అడిగాను.

నాకు తెలిసింది ఒక్కడే. అయినా అడిగాను.

గుండెపోటట. హాస్పిటల్‌కు తీసుకుపోయేలోపే అయిపోయిందట. యాభై కూడా నిండలేదు.

ఈ రోజు ఇల్లందులో సమాధి చేస్తున్నారు. నా మోకాళ్ళు నన్ను బస్సు ఎక్కనివ్వలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మనవరాలు టైప్ చేస్తోంది. ఒక్క మాట కూడా తీసేయొద్దన్నాను.

దానియేలు సారు కళ్ళు టెస్ట్ చేసేవాడు. ఆప్టోమెట్రిస్ట్ అంటారట. మాకు మాత్రం కళ్ళ సారు. భద్రాచలం నుంచి మా దుమ్ముగూడెం క్యాంపుకు బస్సులో వచ్చేవాడు.

మొదటి రోజే ఆయనతో పెద్ద గొడవ పెట్టుకున్నాను.

కళ్ళలో ఏవో చుక్కలు వేసి కూర్చోమన్నాడు. కాసేపటికి ఎండ సూదుల్లా గుచ్చుకుంది. నా అరచెయ్యి నాకే మసకగా ఉంది.

"నా కండ్లు తీసినవ్ కదరా!" అని అరిచాను. క్యాంపంతా లేచి నిలబడింది.

"తియ్యలే అవ్వా. లోపల చూడటానికి కంటిపాప పెద్దగ చేసిన. సాయంత్రానికి మళ్ల మామూలైతది."

"గట్లనా? అయితే సాయంత్రం దాకా నా ముందలే కూసో."

ఆయన మందుల సంచి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఏ మందు కావాలన్నా నన్నే అడిగి తీసుకున్నాడు. అందరినీ చూడటం అయిపోయింది. ఆయన బస్సు కూడా వెళ్ళిపోయింది. నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.

పొద్దు వాలాక అరచేతిలో గీతలు కనిపించాయి. తలెత్తి ఆయన్ను చూశాను.

"ఓరి, గింత చిన్న పిలగానివా నువ్వు!"

ఎంత నవ్వాడో.

నవ్వు ఆగాక అసలు సంగతి చెప్పాడు. నీటికాసులు. కంటి లోపల ప్రెజర్ పెరిగి నరం దెబ్బతిన్నది. ఎడమ కన్ను అప్పటికే చాలావరకు పోయింది.

"పోయిన చూపు రాదు అవ్వా. ఉన్నది కాపాడుకుందాం."

భద్రాచలంలో పెద్ద డాక్టరు దగ్గరికి ఆయనే వెంటబెట్టుకుని పోయాడు. చుక్కల మందు రాసే ముందు "ఆయాసం గిట్ల ఉన్నదా?" అని అడిగారు. కళ్ళ కోసం వస్తే ఊపిరి సంగతి మీకెందుకన్నాను. కంట్లో వేసింది ముక్కులోకి, గొంతులోకి దిగుతుందట. ఆయాసం ఉన్నవాళ్ళకు ఆ మందు పడదట. నాకది లేదు. మందు కిందికి దిగకుండా, చుక్క వేసుకున్నాక ముక్కు వైపు కంటి మూల మీద వేలు పెట్టి, కళ్ళు మూసుకుని కూర్చోవాలని సారు నేర్పాడు.

"మందు పనిచేస్తున్నట్టు నాకెట్ల ఎరుకైతది?"

"నీకేం ఎరుక కాదు అవ్వా. ప్రెజర్ నేను కొలిచి చెప్త. నీకు ఏం మారకపోతే అదే మంచిది."

ఇదెక్కడి మందు అనుకున్నాను. జ్వరం బిళ్ళ వేస్తే జ్వరం దిగుతుంది. దీనికి ఏమీ కనపడదు. ఒక మనిషి మాట మీద రోజూ వేసుకోవాలి.

వేసుకున్నాను. ఇన్నేళ్ళూ కుడి కన్ను నిలబడింది.

నా మరిది ముత్తయ్యకు కూడా ఇదే జబ్బు. ఇదే మందు రాశారు. నిన్న మధ్యాహ్నం వచ్చి వరండాలో కూర్చున్నాడు.

"సారే పోయిండు, ఇంకా చుక్కలేంది వదినా? నేను మానేసి నెలైంది. ఏసినా చూపు పెరిగింది లేదు."

"పెరుగుతదని ఎవడు చెప్పిండురా నీకు? సారు పోతే రోగం కూడా ఆయనెంట పోయిందా?"

ముత్తయ్య ఇంటికి పోకుండా వరండాలోనే కూర్చుండిపోయాడు.

అందుకే ఈ పోస్ట్. సారు చేతుల మీదుగా చుక్కల మందు మొదలుపెట్టిన వాళ్ళు మా ఊళ్ళలో చాలామంది ఉన్నారు. మీరూ ఇట్లాగే అనుకుంటున్నారేమో. మానకండి. ఆయనకు దండలు తర్వాత వెయ్యొచ్చు. ముందు కంట్లో చుక్క వేసుకోండి.

నిన్న దీపాలు పెట్టే వేళకు నేనూ సీసా తీశాను. చుక్క వేసుకున్నాను. కన్నీళ్ళతో కలిసి చెంప మీదికి కారిపోయింది.

"ఏడుసుకుంట ఏసుకోకు అవ్వా, మందు నిలవదు" అని మా ఆయన పోయినప్పుడు సారే చెప్పాడు.

మంచం మీద కూర్చుని, ఏడవాల్సిందంతా ఏడ్చాను. మొహం కడుక్కున్నాను. మళ్ళీ వేసుకుని, కంటి మూల మీద వేలు పెట్టి కళ్ళు మూసుకున్నాను.

కళ్ళు తెరిచేసరికి ముత్తయ్య అక్కడే ఉన్నాడు.

"ఎల్లుండి భద్రాచలం బస్సుకు రా. ప్రెజర్ చూపిద్దాం" అన్నాను.

"నీ మోకాళ్ళో?"

"నా మోకాళ్ళ సంగతి నీకెందుకు. వస్తవా, రావా?"

"వస్తలే వదినా."

దానియేలు బిడ్డా, ఈసారి నీ సంచి పట్టుకుని నిన్ను ఆపలేకపోయాను.

వెళ్ళు నాయనా. నీ దేవుడి దగ్గర నెమ్మదిగా పడుకో.